పిచ్ మీద అల్లుడి అలక

ఆ రోజుల్లో, టీవీ ముందు కూర్చున్నంతసేపూ, నేను ఆడలేని బంతి అంటూ ఉండేది కాదు. టెస్ట్ మ్యాచ్‌లో ఎవడైనా ఆఫ్ స్టంప్ బయటి బంతిని కెలికి స్లిప్‌లో దొరికిపోతే నాకు ఒళ్లు మండేది. "వదిలెయ్యడానికేం రోగం?" అని అరిచేవాణ్ణి. ఆదోనిలో మా ఇంట్లో అరిస్తే ఎవరికీ నష్టం లేదు. పెళ్లయిన కొత్తలో ఎమ్మిగనూరు అత్తగారింట్లో, మగ్గం ఆపి టీవీ చూస్తున్న మామ ముందు అరిచాను. "అల్లునికి బాగా తెల్సే" అని మామ మెచ్చుకున్నాడు. బావమరిది మాత్రం నవ్వి, "రేపు మా ఆటకు రా బావా, ఎట్లా వదిలేస్తావో సూస్తాం" అన్నాడు.

మరునాడు పొద్దున, నేల చెమ్మ ఇంకా ఆరకముందే, బ్యాట్ పట్టుకుని నిలబడ్డాను. గట్టు మీద అత్తవారి బంధువులంతా ఉన్నారు. అంపైరు మామే. కొత్త అల్లుడి పరువంతా ఆ మూడు కర్రల దగ్గరే ఉంది. బావమరిది ఎర్ర బంతిని ఒకవైపే ప్యాంటుకు రుద్ది రుద్ది (ఆ ప్యాంటు పెళ్లిలో మేం పెట్టిందే) వేశాడు. అది గాలిలో వంపు తిరిగి బయటికి పోయింది. వదిలేశాను. రెండోదీ అంతే. గట్టు మీద చప్పట్లు. మూడోదీ అదే దారిన వస్తుంటే, టీవీలో వాళ్లకు పాఠం చెబుతున్నట్టు ఠీవిగా బ్యాట్ పైకెత్తాను. ఆ బంతి చివర్లో మనసు మార్చుకుని, లోపలికి తిరిగి, ఆఫ్ స్టంప్‌ను ఎగరగొట్టింది.

"అన్యాయం! బయటికి పోయే బంతి లోపలికెట్లా వస్తుంది? దీనికి గంజి పూసినావు!"

"గంజి నూలుకు పెడ్తారు బావా, బంతికి గాదు."

నేను అక్కడే చతికిలబడ్డాను. కొత్త అల్లుడు అలిగితే అత్తవారు బతిమాలి అడిగింది ఇవ్వాలి కదా. (విస్తరి ముందు అలగాల్సినవాణ్ణి పిచ్ మీద అలిగాను, అంతే తేడా.) మామ వంగి, "ఏం గావాలప్పా, సెప్పు. వాచీనా?" అన్నాడు.

"నాటౌట్ ఇవ్వండి."

మామ పోయి, పడిపోయిన స్టంపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది తీస్కోని పోప్పా. నువ్వడిగేది నా సేతిలో ల్యా."

స్వింగ్ బంతి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మొన్న టీవీలో ఒకడు అచ్చం నాలాగే బ్యాట్ ఎత్తి బౌల్డయ్యాడు. "ఆడుండొచ్చు గదా" అంది మా ఆవిడ. నాకు మండిపోయింది. "చివరిదాకా బయటికే పోయేట్టుంటుందే! వాడు మాత్రం ఏం చేస్తాడు?" అన్నాను. ఆమె (ఆ రోజు గట్టు మీద అందరికంటే గట్టిగా నవ్వింది ఈమే) టీవీ మీంచి చూపు తిప్పకుండా, "అయితే ఆ పిచ్ మీదే కూసోని అలగమను" అంది.

కిటికీ తలుపుకు ఊతంగా పెట్టిన ఆ పాత స్టంపు కంటబడింది. బ్యాట్ పైకెత్తి నిలబడ్డ ఆ కొత్త అల్లుడి మీద మొదటిసారి నాకు జాలేసింది.