పదిహేడో నంబరు వెంట ఎరిబెర్తో

ఎరిబెర్తో తపుయ్‌కి ఒక్కటే జబ్బు. పొద్దున్న ఆరుంబావుకల్లా ఒక సీతాకోకచిలుక వెంట బయల్దేరతాడు. అది ఏ పెరట్లో వాలితే ఆ పెరట్లోకి తనూ దూరతాడు. తలుపు తట్టడం, దగ్గడం లాంటి మర్యాదలేవీ లేవు. నాపో నది ఒడ్డున ఆ ఊళ్ళో ఇదేమిటని అడిగినవాళ్ళకి అరపూట పాఠం తప్పదు.

అందరికంటే ఎక్కువ అవస్థపడింది పక్కింటి సోయిలా. ఆరేసిన దుప్పట్ల మధ్యలోంచి ఆయన తల ప్రత్యక్షమవడం, ఆవిడ చేతిలోని కర్రపెండలం దుంప కిందపడడం రోజూ ఉన్నదే.

"ఏమయ్యా, నీకు వీధిగుమ్మం కనపడదా?"

"దానికి అవసరం లేదుగా సోయిలా," అంటూ రెక్కమీద తెల్ల సిరాతో పదిహేడు అంకె వేసిన సీతాకోకచిలుకని చూపించేవాడు. ముప్ఫై ఏళ్ళు పరిశోధన కేంద్రంలో వాటిని పెంచి రిటైరైన మనిషి. "ఇవి మిగతావాటిలా తేనె తాగి ఊరుకునే రకం కాదు. పుప్పొడి తింటాయి, నెలల తరబడి బతుకుతాయి. ఏ తీగ ఎక్కడుందో గుర్తుపెట్టుకుని రోజూ అదే వరసలో తిరుగుతాయి. అందుకే వీటి మెదడులో జ్ఞాపకాల భాగం వీటి చుట్టాలైన మిగతా సీతాకోకచిలుకలకంటే చాలా పెద్దది."

"నీకు సిగ్గు భాగం ఎంతుందో?"

"కొలవలేదు," అనేవాడు వినయంగా.

మనుషుల్నీ అలాగే అంచనా కట్టేవాడు. "అడవి నీడలో తిరిగేవాటికి మసక వెలుతురులో కూడా చూపు ఆనాలి. వాటికి చూపు భాగం పెరుగుతుంది. మన మేయరు ఎండలో తిరిగే రకం. ఆఫీసులోపల ఏమీ కనపడదు," అన్నాడోసారి. ఆ మాట మేయరు చెవిన పడింది. రెండు నెలలు వాళ్ళ వీధిలో దీపం వెలగలేదు.

ఒకరోజు పదిహేడో నంబరు సోయిలా బట్టల తీగ కిందనుంచి దూసుకుపోయింది. ఎరిబెర్తో పైనుంచి పోబోయాడు. తడి దుప్పటి తలకి చుట్టుకుని, తీగంతా ఈడ్చుకుంటూ బస్సు ఆగేచోట తేలాడు. సోయిలా లోపావడాలు నాలుగూ అక్కడి జనమంతా చూశారు.

ఆవిడ కత్తి తీసుకుని తన పెరట్లోని పూలతీగని మొదలంటా నరికేసింది.

మర్నాడు సీతాకోకచిలుక వచ్చింది. పూలులేని చోట గిరగిరా తిరిగి వెళ్ళిపోయింది. వెనకే వచ్చిన ఎరిబెర్తో నరికిన మొదలు చూసి దాని వెంటే వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఇదే వరస. నాలుగోరోజు ఆయనొక్కడే వచ్చాడు.

"అదేదీ?" అంది సోయిలా.

"ఇంక రాదు. పూలు లేవని తెలుసుకుంది."

"మరి నువ్వెందుకొచ్చావు?"

ఆయన తల గోక్కున్నాడు. "నాది మనిషి మెదడు కదా. కాస్త టైం పడుతుంది." పొయ్యికేసి చూశాడు, ఆవిడ మొహంకేసి చూశాడు. "మోకాలు నొప్పి తగ్గిందా?" అని, జవాబు విని వెళ్ళిపోయాడు.

సోయిలా తిన్నగా ఏటిగట్టున ఉండే ముసలి సావుల్ దగ్గరికెళ్ళి మొరపెట్టుకుంది. సావుల్ అంతా విని నవ్వాడు.

"ఆ తీగలు నాటిందెవరనుకున్నావు? వాడే. ఎవరెవరి పెరట్లో నాటాడో ఓసారి గుర్తుచేసుకో."

సోయిలా వేళ్ళు మడిచింది. ఆరు పెరళ్ళు. ఆరూ ఒక్క కంచమే కడుక్కునే ఇళ్ళు. తన పెరట్లో తీగ వెలిసింది భర్త పోయిన వారానికి.

"వానల్లో నేను మెట్లమీంచి పడ్డప్పుడు, ఆరుంబావు దాటాక వాడొస్తాడని తెలుసు కనక అరవకుండా పడుకున్నాను," అన్నాడు సావుల్. "ఊరికే చూసిపోవడానికొచ్చానంటే మనం గుమ్మంలోంచే పంపించేస్తాం. పురుగు వెంట వచ్చినవాణ్ణి ఏం చేస్తాం, తిడతాం."

మర్నాడు పొద్దున్న సావుల్ పెరట్లోకి ముందు సీతాకోకచిలుక, దాని వెనక ఎరిబెర్తో, ఆయన వెనక మోకాలు పట్టుకుని సణుక్కుంటూ సోయిలా వచ్చారు.

"నేను బాగానే ఉన్నానుగా, ఇద్దరెందుకు?" అన్నాడు సావుల్.

"నీకోసం కాదులే," అంది సోయిలా, చేతిలోని వేడివేడి అరటికాయ ముక్కల గిన్నె ఎరిబెర్తో చేతుల్లో పెడుతూ. "ఈయన అందర్నీ చూసొస్తాడు. ఈయన తిన్నాడో లేదో ఎవరు చూస్తారు?"