బుఖూర్ ఆగిన తేదీ

1990వ సంవత్సరం. కువైట్‌లో జహ్రా. అక్కడ ఒక కువైటీ కుటుంబంలో ఇంటి నర్సుగా పనిచేస్తున్నాను. నేను చూసుకోవాల్సింది ఒక్క మనిషినే. ఆవిడని అందరూ ఉమ్ ఫహద్ అనేవారు, ఫహద్ వాళ్ళమ్మ అని అర్థం. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఏళ్ళ తరబడి ఆయాసం. పూటపూటకీ మాత్రలు వేయడం, పల్స్ చూడటం, నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళడం నా ఉద్యోగం.

ఆ ఇంట్లో నేను కాక ఇంకో తెలుగుమనిషి ఉండేది. గంగులమ్మ, రాయచోటి వైపు నుంచి పనికి వచ్చింది. నా కష్టాలకి మూలం ఆవిడే. నేను కాకినాడలో మూడేళ్ళు నర్సింగ్ చదివి, ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుని నిలబడితే, ఉమ్ ఫహద్ కళ్ళు నా భుజం మీదుగా వెతికేవి. "వేన్ గంగా?" గంగ ఏదీ అని. నా చేతి మాత్ర మింగాలన్నా మంచినీళ్ళ గ్లాసు గంగ చేతిలోనే ఉండాలి. ఎంత కుళ్ళుకునేదాన్నో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. అప్పుడైతే ఒళ్ళు మండిపోయేది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది మధ్యాహ్నాలు. అసర్, అంటే మధ్యాహ్నం పొద్దువాలే వేళ చేసే నమాజు, కాగానే ఇద్దరూ వంటింటి వెనక సామాను గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. లోపలినుంచి కిసకిస నవ్వులు. తలుపు సందులోంచి బుఖూర్ వాసన. అక్కడ ఇళ్ళల్లో నిప్పుల మీద సుగంధపు చెక్క వేసి పొగ పెడతారు, దాన్నే బుఖూర్ అంటారు. "ఆయాసం మనిషికి పొగ పెడతావేంటే? బుద్ధుందా?" అని గంగులమ్మని ఎన్నిసార్లు దులిపానో లెక్కలేదు. "పెద్ద మామాకు ఆ వాసనంటే ఇష్టమక్కా" అని తల వంచుకుని పోయేది. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తారు. రోజంతా కలిపి నాతో పది మాటలు మాట్లాడని ఉమ్ ఫహద్, ఆ గదిలో పనిమనిషితో గంటసేపు ఏం చెప్పుకుంటుందబ్బా అని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక ఆ మందు సంగతి. ఉమ్ ఫహద్‌కి ఇచ్చేది థియోఫిలిన్. ఊపిరి గొట్టాలు బిగుసుకుపోకుండా వదులు చేసే మాత్ర. పేచీకోరు మందు. రక్తంలో తక్కువైతే పనిచేయదు. కాస్త ఎక్కువైతే వాంతులు, వణుకు, గుండెదడ, ఆ తర్వాత ఫిట్స్. రెంటికీ మధ్య సందు చాలా ఇరుకు. అందుకని అప్పుడప్పుడూ రక్తం తీసి, మందు ఎంతుందో బ్లడ్ లెవెల్ చూస్తారు. ఆవిడకి ఎంతిచ్చినా లెవెల్ పెరిగేది కాదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఆసుపత్రి డాక్టరు కాగితం చూసి నుదురు రుద్దుకున్నాడు. లక్నో మనిషి, నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు.

"ఈవిడ లివర్ ఈ మందుని చాలా తొందరగా ఖర్చుచేసేస్తోంది సిస్టర్. సిగరెట్ తాగుతుందా?"

పక్కనే కొడుకు ఫహద్ నిలబడి ఉన్నాడు. వెనక గంగులమ్మ. నేను నవ్వాను. "అయ్యో డాక్టర్, వీళ్ళు అలాంటివాళ్ళు కాదు" అన్నాను. ఆ ప్రశ్నని అరబ్బీలో ఆవిడకి చెప్పను కూడా లేదు. చార్టులో స్మోకింగ్ అన్న గడిలో డాక్టరు "లేదు" అని రాసి మాత్రలు పెంచాడు. ఆ వయసువాళ్ళకి మామూలుగా ఇచ్చేదానికన్నా బాగా ఎక్కువ. లెవెల్ చక్కగా సరిపోయింది.

ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. ఫహద్ భార్యాపిల్లలు వేసవి సెలవులకని వేరే దేశం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది నలుగురం. మా వీధిలో డ్రైవర్లు, పనివాళ్ళు ఒక్కొక్కరే మూటలు సర్దుకుని బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్ళిపోతున్నారు. అబూ హలీఫాలో ఉండే మా అమలాపురంవాళ్ళు నాకూ బస్సులో చోటు ఉంచామన్నారు. నేను వెళ్ళలేదు. రోగిని వదల్లేక ఆగిపోయానని తర్వాత చాలామందికి చెప్పాను. అసలు సంగతి అది కాదు. గంగులమ్మ ఉండిపోయింది. నేను వెళ్ళిపోతే "నర్సు పారిపోయింది, గంగ ఉంది" అని ఆ ముసలావిడ అనుకుంటుందేమోనని ఆగాను. యుద్ధం నెత్తిమీద ఉంటే నాకు పట్టింది అదీ!

సెప్టెంబరులో ఒకరోజు బుఖూర్ ఆగిపోయింది. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. సామాను గది తలుపు బార్లా తెరిచే ఉంది. నా మాట ఇన్నాళ్ళకి చెవికెక్కిందని నాకెంత సంబరమో! పల్స్, ఉష్ణోగ్రత రాసుకునే పుస్తకంలో ఆ తేదీ పక్కన "ఈరోజు నుంచి పొగ బంద్" అని రాసి కింద గీత కూడా గీశాను.

వారం గడిచేసరికి ఉమ్ ఫహద్‌కి అన్నం సయించడం మానేసింది. తర్వాత వాంతులు. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి గడగడా వణుకుతోంది. కంటిమీద కునుకు లేదు. భయం వల్లనే అన్నాడు ఫహద్. వీధి చివర సైనికుల చెక్‌పోస్టు ఉంటే భయం కాక ఏముంటుంది? నేనూ అదే అనుకున్నాను. మరుక్షణం ఇంకోటి అనుకున్నాను. గంగులమ్మ జీలకర్ర, వాము, ఏవేవో ఆకులు కాచి ఆవిడకి తాగించడం నా కళ్ళతో చూశాను కదా.

వంటింట్లోకి వెళ్ళి నిలదీశాను. "ఏం పెడుతున్నావే ఆవిడకి? నిజం చెప్పు."

"నేనేం పెట్టలేదక్కా. దేవుని మీద ఒట్టు."

"మరి ఎందుకలా వణికిపోతోంది? నీ కషాయాలే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చాయి. ఇక నుంచి ఆ గది గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

ఫహద్‌తో చెప్పి ఆమెని లోపలికి రాకుండా చేశాను. ఎన్నాళ్ళ కోరికో తీరింది. రెండు రోజులు ఉమ్ ఫహద్ పక్కన నేనొక్కదాన్నే. నా చేత్తోనే మాత్రలు, నా చేత్తోనే నీళ్ళు. ఒక్క పూట కూడా తప్పకుండా వేశాను. అదీ నేను చేసిన పని.

మూడోరోజు పొద్దున్న పల్స్ నూట ముప్పై దాటింది. మధ్యమధ్య ఒక్కో దెబ్బ తప్పుతోంది. ఫహద్ వచ్చి "యుమ్మా" అని తల్లిని పిలిస్తే, ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. ఆవిడ చచ్చిపోతుందని అప్పుడు అర్థమైంది.

గది బయటికి రాగానే గంగులమ్మ నా చెయ్యి పట్టుకుని సామాను గదిలోకి లాక్కెళ్ళింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, ఒట్టు పెట్టిచ్చుకునింది, ఐనా చెప్తాండా. పెద్ద మామా సిగరెట్లు తాగుతాది. పొద్దున నువ్వు లేసేలోపల నాలుగు, అసర్ కాంగానే ఈడ నాలుగైదు. వాసన రాకుండా నేను బుఖూర్ ఏసేదాన్ని. దాచిపెట్టిన డబ్బీలన్నీ అయిపోయినాయి. వీధిలో బకాలా కొట్టు మూసేసినారు. యాడా దొరకల్యా. సిగరెట్టు లేకనే ఆయమ్మ ఇట్లయిపాయ."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలిస్తే బాబాకు చెప్పి నన్ను పంపిచ్చేస్తావని."

నిజమే, పంపించేసేదాన్నే. అలాంటి అవకాశం కోసమే కదా ఆ తలుపు బయట చెవులు రిక్కించి నిలబడ్డాను.

పుస్తకం తీశాను. "ఈరోజు నుంచి పొగ బంద్" అన్న గీత. దాని పైన పల్స్ ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది. దాని కింద తొంభై ఆరు, నూట నాలుగు, నూట పద్దెనిమిది. బుఖూర్ ఆగిన తేదీ నుంచి మెట్లెక్కినట్టు ఎక్కింది. లక్నో డాక్టరు అడిగిన ప్రశ్న చెవిలో గింగురుమంది.

ఆ పూట మాత్ర వేయలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందేనని పట్టుబట్టాను. ఫహద్ చెక్‌పోస్టులు దాటించి మమ్మల్ని తీసుకెళ్ళాడు. గంగులమ్మ వెనక సీట్లో ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈసారి నేను వద్దనలేదు. అదృష్టం, ఆ డాక్టరు ఇంకా ఉన్నాడు. ఫహద్ పక్కనే ఉన్నాడు కాబట్టి నేను నోరు విప్పలేదు. పుస్తకంలో ఒక చీటీ పెట్టి ఇచ్చాను. "రోజుకి తొమ్మిది సిగరెట్లు తాగేది. రెండు వారాలుగా లేవు. కొడుక్కి తెలియదు."

డాక్టరు చదివి, చీటీ జేబులో వేసుకుని, ఫహద్‌ని కారు దగ్గర ఉండమని పంపేశాడు. రక్తంలో లెవెల్ చూద్దామంటే పరీక్ష చేసే సామాను అప్పటికే లేదు. "మీ పల్స్ పుస్తకమే మన లాబ్" అన్నాడు. సెలైన్ పెట్టి సాయంత్రం దాకా గుండె చూసుకున్నాడు. "మాత్ర పూర్తిగా ఆపండి. పల్స్ దిగాక సగం డోసు. ఇంకో రోజు ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి. అవి వస్తే నా చేతిలోనూ లేదు."

మూడోరోజుకి పల్స్ తొంభైకి దిగింది. ఉమ్ ఫహద్ కళ్ళు తెరిచి టీ అడిగింది. "వేన్ గంగా?" అని కూడా అడిగింది. నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను.

ఆ మధ్యాహ్నం గంగులమ్మకి ఓ సందేహం వచ్చింది. "ఐతే సిగరెట్టు మంచిదేనా అక్కా? అది మానేస్తేనే కదా జబ్బొచ్చింది?"

"మంచిదేంటే నీ బొంద! ఆవిడ ఆయాసం సగం దానివల్లే" అని, ఎలా చెప్పాలా అని చూస్తే, గేటు బయట చెత్తగుట్ట కనబడింది. "వీధులూడ్చేవాళ్ళంతా దేశం వదిలిపోయాక ఆ చెత్త ఎలా పేరుకుపోయిందో చూడు. ఇళ్ళు అవే, పారేసేదీ అంతే. ఊడ్చేవాళ్ళే తగ్గారు. మాత్ర రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి వెళ్ళి పనిచేస్తుంది. పని అయ్యాక లివర్ దాన్ని ముక్కలుచేసి బయటికి పంపాలి. లివర్‌లో ఆ పని చేసేవాటిని ఎంజైములు అంటారు. సిగరెట్ పొగ పడితే వాటి సంఖ్య పెరుగుతుంది, మందు గబగబా పోతుంది. అది తెలియక మేం మందు పెంచాం. పొగ ఆగిన వారం పది రోజులకి ఆ అదనపు పనివాళ్ళు వెళ్ళిపోయారు. మందు మాత్రం నేను అంతే వేస్తూ వచ్చాను."

గంగులమ్మ చెత్తగుట్టకేసి చూసింది. "పాపం లివరు" అంది.

ఆవిడ లేచి తిరిగిన రోజున, అసర్ అయ్యాక, సామాను గదిలోంచి కేక వినబడింది. "సత్యా, తఆలీ!" రమ్మని. నా పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. వెళ్ళాను. బియ్యం బస్తాల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. సిగరెట్లు లేవు, బుఖూర్ లేదు. నాకూ ఒక బస్తా చూపించారు. ఇన్నాళ్ళూ నన్ను తినేసిన ప్రశ్న అడిగేశాను.

"ఏం చెప్పుకుని అంత నవ్వేవారే ఇక్కడ?"

గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్ను చూసేనక్కా. నువ్వు గడియారం చూస్తా మూతి బిగించి నాడి పట్టుకుంటావు చూడు, పెద్ద మామా అచ్చం అట్లనే చేసి చూపిచ్చేది."

ఒళ్ళు భగ్గుమంది. ఒక్క క్షణమే. తర్వాత నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. నాకు తెలియాల్సిన విషయం రోజూ ఈ తలుపు వెనకే ఉంది. నన్ను చూసి భయపడే వాళ్ళు ఆ తలుపు వేసుకున్నారు.

అక్టోబరులో అబూ హలీఫా నుంచి చివరి చివరి బస్సుల్లో ఒకదాంట్లో వెళ్ళిపోయాను. గంగులమ్మ ఈసారీ రానంది. ఈసారీ కుళ్ళుకున్నాను, అబద్ధమెందుకు. గేటు దగ్గర ఉమ్ ఫహద్ నా మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్ళు నాడి మీద పెట్టి, మూతి బిగించి, లేని గడియారంకేసి చూసింది. అచ్చం నేనే. తర్వాత "జేన్" అంది, బాగుంది అని.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కాకినాడలో నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్పాను. మందుల గురించి పుస్తకంలో ఉన్నదంతా చెప్పేదాన్ని. ఒక్కటి మాత్రం పుస్తకంలో లేనిది చెప్పేదాన్ని. సిగరెట్ సంగతి, మందు సంగతి అడిగేటప్పుడు కొడుకుల్నీ కోడళ్ళనీ బయటికి పంపండి. ఇంట్లో పనిచేసే మనిషిని పక్కకి పిలిచి మర్యాదగా అడగండి. చార్టులో "లేదు" అని రాస్తే, ఆ మాట చెప్పింది ఎవరో కూడా పక్కన రాయండి.

ఉమ్ ఫహద్ చార్టులో "లేదు" అని చెప్పింది ఉమ్ ఫహద్ కాదు. నేను.