రెండు చుక్కల గుర్తు

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా స్టవ్వుల షెడ్డులో దేవదానం తిరుగుతుంటాడని బిట్రగుంటలో కొందరు చెప్పుకునేటప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా ఆయన తిరుగుతున్నాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా కళ్లతో చూసింది ఒకటుంది, దానికి ముందు నా చేతులతో చేసింది ఒకటుంది. రెండూ చెప్తేనే లెక్క సరిపోతుంది.

ఆ షెడ్డు ఒకప్పుడు రైల్వే కంట్రాక్టరు గోడౌను. స్తంభాలకు బదులు పాత రైలు పట్టాలు నిలబెట్టి, పైన రేకులు వేశారు. మా తాత దాన్ని కొని కిరసనాయిలు పంపు స్టవ్వులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్లు, పక్కన గాలి కొట్టే పంపు. గ్యాసు రాకముందు కావలి నుంచి సూళ్లూరుపేట దాకా చాలా టీ బంకుల్లో మా స్టవ్వే ఉండేది.

పేరు మాదే గానీ, ఆ స్టవ్వు మీద జనానికి నమ్మకం కుదిరింది మా పనివాడు దేవదానం వల్ల. తయారైన ప్రతి ట్యాంకులో గాలి కొట్టి, సిమెంటు తొట్టిలో నీళ్లలో ముంచి, బుడగ వస్తుందేమోనని చూసేవాడు. ఒక్క బుడగ కనపడినా అతుకు మళ్లీ వెయ్యాల్సిందే. బాగుంటే పంచ్ అనే ఉక్కు మేకుతో కాళ్లను కలిపే ఇత్తడి పట్టీ వెనక రెండు చుక్కలు కొట్టేవాడు. ఆ చుక్కలు లేని స్టవ్వు గేటు దాటకూడదని మా నాయన కట్టడి. దుకాణాల వాళ్లు కూడా స్టవ్వు తిరగేసి చుక్కలు చూశాకే తీసుకునేవాళ్లు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నాయన ఇత్తడి రేకుల కోసం మద్రాసు వెళ్తూ మొదటిసారి షెడ్డు నాకు అప్పగించాడు. సోమవారం తెల్లవారుజామున దొరవారిసత్రం వైపు లారీ వెళ్లాలి. శనివారం సాయంత్రానికి ఇంకా యాభై స్టవ్వులు నీళ్లలో ముంచలేదు. దేవదానం ఎప్పటిలాగే తొట్టిలో నీళ్లు బయటికి వదిలేసి, చేతులు తుడుచుకుంటూ, “సోమారం చూస్తాలే అబ్బయా, లారీ యాడికి పోతాది” అన్నాడు.

ఆదివారం ఆయన చర్చిలో ఉండగా నేను ఒక్కణ్ణే షెడ్డు తీశాను. గోడ గూట్లో ఉన్న పంచ్ తీసుకుని యాభై స్టవ్వుల మీద రెండేసి చుక్కలు కొట్టాను. గంట కూడా పట్టలేదు. నాయన వచ్చి మెచ్చుకుంటాడని అనుకున్నాను. అంతే.

సోమవారం దేవదానం వచ్చేసరికి లారీ వెళ్లిపోయింది. నేనే ముంచి చూశానని చెప్పాను. ఆయన తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి లోపలికి చూశాడు.

“తొట్టి ఎండిపోయి ఉండాదే అబ్బయా.”

నేను వినపడనట్టు గేటు వైపు నడిచాను.

ఎనిమిదో రోజున దొరవారిసత్రంలో ఇడ్లీలు అమ్మే ఒకావిడ దగ్గర స్టవ్వు అతుకు విడిపోయి పేలింది. కుడి చెయ్యి, మెడ కాలాయి. ప్రాణం దక్కింది. ఆమెను చూడడానికి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు.

నాయన మిగతా నలభై తొమ్మిదీ వెనక్కి తెప్పించాడు. పేలిన స్టవ్వు చేతిలో పట్టుకుని, పనివాళ్లందరి ముందూ దేవదానాన్ని పిలిచాడు. “ఏందిరా ఇది? ఈ గుర్తు నీదా కాదా?”

దేవదానం బొటనవేలితో చుక్కలు తడిమాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను నేల చూశాను.

“నా పంచ్‌తో కొట్టిందేనయ్యా” అన్నాడు.

ఆ రోజే పని నుంచి తీసేశారు. తాగి పరీక్ష చేశాడని ఎవరో అన్నారు. ఆయన తాగడని నాకు తెలుసు. నన్ను అడిగిన వాళ్లతో “ఏమో, ఉండొచ్చు” అన్నాను. ఆ మాట ఊరంతా తిరిగింది. ఆ తర్వాత ఆయన స్టేషను బయట టీ అమ్ముకుని బతికాడు. అక్కడా ‘తాగుబోతు దేవదానమే’. ఆ పేరుతోనే చనిపోయాడు.

గ్యాసు వచ్చాక మా స్టవ్వులు తగ్గాయి, నాయన పోయాక షెడ్డు మూతపడింది. ఆ నలభై తొమ్మిదీ వెనక గదిలోనే ఉండిపోయాయి. తాళం నా దగ్గరే ఉండేది.

పోయిన ఎండాకాలం షెడ్డును రొయ్యల మేత గోడౌనుకు అమ్మేశాను. పాత ఇత్తడి కోసం కావలి వ్యాపారి ఇద్దరు కూలీలతో వచ్చాడు. పట్టపగలు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. మొదటి స్టవ్వు తిరగేశాను. చుక్కలు లేవు. రెండోది తిరగేశాను. లేవు. చిలుము పట్టిందేమోనని చింతపండు తెప్పించి తోమించాను. పట్టీ నున్నగా మెరిసింది. నలభై తొమ్మిదీ చూశాను, ఒక్కదాని మీదా లేవు.

“ఏందన్నా ఎతకతుండావు, బంగారమా?” అని వ్యాపారి నవ్వాడు. చుక్కలేమైనా ఉన్నాయేమో చూడమన్నాను. ముగ్గురూ వేళ్లతో తడిమి లేవన్నారు. మేకుతో కొట్టిన గుంటలు ఇత్తడిలో పూడుకుపోవు. మా ఇంట్లో అమ్మ వాడిన స్టవ్వు మీద ఇప్పటికీ చక్కగా ఉన్నాయి.

భయం వేసిందని రాస్తే బాగుండేది. నాకు కలిగింది సంతోషం. ఇక నా తప్పు చెప్పకుండానే దేవదానం పేరు బాగుచెయ్యొచ్చని అనిపించింది. ఆ స్టవ్వుల మీద ఆయన గుర్తే లేదు, ఉందని మా నాయనే పొరబడ్డాడు అంటే సరిపోతుంది. చనిపోయిన నాయన కాదనడు గదా.

అప్పుడు తోమించిన వాటిలోనే ఒకటి సంచిలో పెట్టుకుని నేరుగా దేవదానం కూతురు కరుణమ్మ ఇంటికి నడిచాను. దారిలో సంచి కింద పెట్టలేదు. ఆమె టీచరు. రైల్వే కాలనీ వెనక ఉంటుంది. అనుకున్నట్టే చెప్పాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, స్టవ్వును కిటికీ దగ్గర తిరగేసి, తండ్రిలాగే బొటనవేలితో తడిమింది.

“ఉండాయి గదన్నా” అంది.

చేతిలోకి తీసుకున్నాను. రెండు చుక్కలు. కొత్తగా కొట్టినట్టు.

నేనూ వేలితో తడిమాను, గుంటలు తగిలాయి. కరుణమ్మ కళ్లజోడు తీసింది. “ఆ సోమారం తొట్టి ఎండిపోయి ఉండిందని నాయన చెప్పినాడన్నా. నువ్వే నోరు తెరిచి చెప్తావని చూసినాడంట. చానా ఏండ్లు చూసినాడు.”

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. “నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమొస్తాదన్నా? తాగుబోతు అన్నోళ్లకు చెప్పు” అంది.

మర్నాడు వ్యాపారికి ఫోను చేశాను. మిగతావి అప్పటికే కరిగించేశారు. చుక్కలు లేవనే ఆయన ఇప్పటికీ అంటాడు. నేను వేరే స్టవ్వు మార్చి తీసుకెళ్లలేదు. నా కళ్లు మోసం చేశాయంటే, ఆ ముగ్గురి వేళ్ల సంగతేమిటి? ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు.

చిక్కిన సంగతి ఒక్కటే, ఆయన్ని తాగుబోతు అన్నవాళ్ల కోసం రాస్తున్నాను. దేవదానం తాగలేదు. ఆ యాభై స్టవ్వులనూ ఆయన పరీక్షించలేదు, వాటికి గుర్తూ పెట్టలేదు. ఆ ఆదివారం పంచ్ పట్టుకున్న చెయ్యి నాది.

ఆ స్టవ్వు కరుణమ్మ కిటికీలోనే ఉంది. ఇది రాశాక వెళ్లి మళ్లీ తిరగేసి చూడాలి. ఇంకా వెళ్లలేదు.