చెంగమ్మ సైకిలు

నెల్లూరు నుంచి సముద్రానికి మేం పదిమందిమి సైకిళ్ళ మీద బయలుదేరిన ఆదివారం ఎండ బాగా కాసింది. అల్లూరు దాటాక, రొయ్యల గుంటల పక్కనున్న ఒక ఇంటి ముందు నీళ్ళ కోసం ఆగాం. ఆ ఇంటావిడ పేరు చెంగమ్మ. యాభై దాటి ఉంటాయి. నాకు నీళ్ళిచ్చి, నా సైకిలు హ్యాండిల్ పట్టుకుంది.

“ఆడోళ్ళు కూడా ఇంత దూరం తొక్కతా ఉండారే! నేనూ తొక్కేదాన్నిమా, అల్లూరు హైస్కూలుకి. ఒకసారి ఎక్కి చూసేదా?”

ఎక్కమన్నాను. ఆమె కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. సీటు ఎంత దించినా కాలు కడ్డీ దాటలేదు. రెండోసారి ప్రయత్నిస్తూ పక్కకి ఒరిగిపోతే, అరుగు మీదున్న ఆమె భర్త గబగబా వచ్చి సీటు పట్టుకున్నాడు.

“మోకాళ్ళు వంగడంలా” అని నవ్వేసి ఆమె పక్కకి జరిగింది.

ఆయన మాత్రం సీటు వదల్లేదు. “పెళ్ళైనాక నేనే మాన్పించినానుమా” అన్నాడు నాతో. “వాళ్ళ నాయన కొనిచ్చిన సైకిల్ని అమ్మేసినా. ఎందుకమ్మినావని అడిగితే, ఇప్పుడు చెప్పేదానికి నా దగ్గిర ఒక్క మాటా లేదు.”

మా కరీంనగర్ వైపు ఆ వయసు మగవాళ్ళెవరూ, భార్య వింటుండగా, దారినపోయే మనిషితో ఇలా చెప్పుకోవడం నేను చూడలేదు. చెంగమ్మకూ అది కొత్తేననుకుంటాను. ఆయన ముఖంలోకి చూసింది.

“ఈ మాట ఇన్నేళ్ళకా?” అని, లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన సీటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా వాళ్ళు ముందుకు సాగిపోతున్నారు. సైకిలు ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.