పసుపు ఎండేదాకా ఆగిన గుంత

2024లో, పసుపు ఉడకబెట్టే రోజులు. ఆర్మూర్‌లో ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే పని నాది. అంతకుముందు పదిహేనేళ్లు బావుల మోటార్లు రిపేరు చేశాను. మా పనిలో ఎవరి కంటికీ ఆనని భాగం ఒకటుంది: ఎర్త్ పిట్. వాకిట్లో లోతుగా గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, కడ్డీ దింపి, మిద్దె మీద పలకలను మోసే ఇనుప చట్రాన్ని తీగతో దానికి కలపాలి. చట్రానికి కరెంటు పాకితే మనిషిని పట్టకుండా భూమిలోకి పోవడానికి. పలకలను చూసి మురిసిపోయేవాళ్లే గానీ, ఆ గుంత గురించి అడిగిన కస్టమర్‌ను నేనింతవరకు చూడలేదు.

నందిపేట్ వైపు ఒక ఊళ్లో గంగారెడ్డి అనే పసుపు రైతు ఇంటికి బిగించాం. అన్నీ అయ్యాయి, గుంత ఒక్కటే మిగిలింది. వాకిలంతా ఉడికిన పసుపు కొమ్ములు, కాలు పెట్టే సందు లేదు.

"గడ్డపార ఏస్తే మన్నంత పసుపుల పడ్తది తమ్మీ," అన్నాడు గంగారెడ్డి. "మన్నంటితే మార్కెట్ల కొనేటోడు మొఖం తిప్పుకుంటడు. పదిహేను దినాలాగు. ఎండినంక నేనే పిలుస్త."

"మరి కరెంట్ గూడ గప్పుడే చాలూ జేద్దామా అన్నా?"

వెనక నుంచి ఆయన భార్య లసుంబాయి నవ్వింది. "గిన్ని దినాలు పలకల దిక్కు ఊకె చూసుకుంట కూసోవాల్నా? ఊరంత వచ్చి అడుగుతున్నరు. జర కరెంట్ చాలూ జెయ్యి తమ్మీ, నీకు పున్నెముంటది."

వద్దని గట్టిగా అనాల్సింది. అనలేదు. మొహమాటం కొంత, ఈ పని ముగించుకుని ఇంకో ఇంటికి పోవాలన్న తొందర కొంత. ఎర్తింగ్ అయినట్టు కాగితం మీద టిక్కు పెట్టి, సంతకం చేసి, స్విచ్ వేశాను. ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

పసుపు ఎండింది, అమ్ముడూ పోయింది. ఆయన పిలవలేదు, నేను పోలేదు.

తొలకరి పడ్డ మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. లసుంబాయి చట్రం కాళ్లకు ఇనుప తీగ కట్టి, రోజూ బట్టలు దానిమీదే ఆరేస్తోందట. కోతులు పట్టుకుని ఊగీ ఊగీ, చట్రం వెంట దింపిన కరెంటు వైరు తొక్క ఊడి, చట్రానికి కరెంటు పాకింది. తడి స్లాబు, ఒట్టి కాళ్లు, చేతిలో పిండిన చీర. నేను వెళ్లేసరికి ఆమెను దించి వాకిట్లో పడుకోబెట్టారు. గుంత ఉండాల్సిన చోటు అక్కడికి నాలుగడుగులు.

కరెంటు ఆఫీసు నుంచి విచారణకు వచ్చిన సార్లు ఎర్తింగ్ ఏదని అడిగారు. గంగారెడ్డే ముందుకొచ్చాడు.

"నేనే వద్దన్న సారూ. పసుపుకు మన్నంటుతదని నేనే ఆపిన. గీ తమ్మిది ఏం తప్పు లేదు. నా పెండ్లాన్ని నేనే సంపుకున్న."

నేను తలవంచుకుని నిలబడ్డాను. ఛీ, అదీ ఒక బతుకేనా! ఆయన మాట చాటున దాక్కున్నాను. నా టిక్కు ఉన్న కాగితాన్ని ఆ రోజు ఎవరూ తిరగేయలేదు.

తర్వాత ఎవరు కలిసినా ఆయన అదే చెప్పుకుంటున్నాడని, అన్నం సరిగా తినడం లేదని విన్నాను. ఒకరోజు ఆర్మూర్ మార్కెట్లో హమాలీలతో "నేనే సంపుకున్న" అంటుంటే నా చెవులతో నేనే విన్నాను. ఇక ఉండబట్టలేదు. పక్కకు తీసుకుపోయాను.

"అన్నా, నువ్వు ఆగుమన్నవ్, గంతే. గుంత లేకుంట స్విచ్ ఎయ్యద్దని నాకు ఎర్కే. అయినా ఏసిన. అయిందని కాగితం మీద దొంగరాత రాసిన. తప్పు నాది, నీది గాదు."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గుంత లేకుంటే పానం పోతదని నాడొక్క మాట అంటే, పసుపంత గంపలకెత్తి గడ్డపార నేనే పడ్తుంటి గదా తమ్మీ!"

మర్నాడే సార్ల దగ్గరికి పోయి నా సంతకం చూపించాను. లైసెన్సు కొన్నాళ్లు ఆపారు. ఆపాల్సిందే.

ఆగమనే కస్టమర్‌కు ఆ గుంత ఎందుకో తెలియదు. తెలిసీ తలూపినవాణ్ణి నేను. ఇప్పుడు ముందు గుంత తవ్వాకే పలకలు మిద్దె ఎక్కిస్తాను. ఇంట్లో ఆడవాళ్లతో సహా అందరినీ పిలిచి, ఇది లేకపోతే మనిషి చచ్చిపోతాడని చెబుతాను. శుభమా అని చేసుకునే పనిలో చావు మాటేమిటని కసురుకుంటారు. కసురుకోనీ. లసుంబాయికి మాత్రం నేనిది చెప్పలేదు.