బాబాయిని ఏలూరు చేర్చిన మంగళవారం

సోమవారం సాయంత్రం ఆరింటికి పిన్ని ఫోన్ చేసింది.

"ఒరేయ్ మూర్తీ, మీ బాబాయి నిన్న రాత్రంతా కూర్చునే ఉన్నార్రా. పడుకుంటే ఊపిరాడట్లేదంటున్నారు. ఇవాళ ఏలూరు వెళ్ళాల్సింది. ఈ వానలో ఆటో అతను రానన్నాడు..."

అంతవరకే వినిపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా లైను కలవలేదు.

మా బాబాయి కొల్లేరు లంకల్లో ఓ చిన్న ఊరి గుళ్ళో అర్చకుడు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నర అవుతోంది. సోమవారం, గురువారం ఏలూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్క విడత తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల దాకా వస్తుందని డాక్టరు ముందే చెప్పారు. వాళ్ళకి పిల్లల్లేరు. తాడేపల్లిగూడెం హైస్కూల్లో లెక్కలు చెప్పే నేనే దగ్గరి దిక్కు.

ఆ రాత్రే తుపాను తీరం దాటింది. మంగళవారం ఉదయం అయిదుంపావుకి రైల్వే స్టేషన్‌కి చేరాను. మార్గశిరం చలికి ఆ గాలి తోడై గొడుగు పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఏలూరు వైపు బళ్ళన్నీ రద్దని ఒక కాగితం మీద రాసి కిటికీకి అంటించారు. అక్కణ్ణుంచి బస్టాండుకి నడిచాను. మోకాలి వరకు తడిసిపోయాను. ఆరూ నలభైకి ఒక బస్సు కదిలింది. పదకొండు మందిమి ఎక్కాం.

"ఎక్కడిదాకా వెళ్తుందో నేను చెప్పలేనండి," అన్నాడు కండక్టరు టికెట్ ఇస్తూ. "ఎక్కడ ఆగితే అక్కడ దిగాలి."

పక్క సీట్లో యాభై ఏళ్ళావిడ కూర్చుంది. ద్వారకా తిరుమలలో పూజ సామాన్ల కొట్టట. "రేకులు లేచిపోయాయని పక్క కొట్టు వాళ్ళు ఫోన్ చేశారండి. పసుపూ కుంకుమా బస్తాలన్నీ కిందే ఉన్నాయి," అంది. నేను ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. ఆవిడ నెమ్మదిగా, "ఏవండీ, ఇలాంటప్పుడు లంకల్లోకి ఆటోలు రావండి. వాటి కోసం చూడకండి. గుండుగొలనులో చేపల చెరువుల వాళ్ళ ట్రాక్టర్లు పట్టుకోండి. వాళ్ళు ఇంట్లో కూర్చోలేరు," అంది.

హైవే పొడుగునా ధాన్యం రాశుల మీద బరకాలు కప్పి ఉన్నాయి. అవి లేచిపోకుండా మనుషులు అంచుల మీద కూర్చుని ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. కైకరం దగ్గర పెద్ద తుమ్మచెట్టు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. మగవాళ్ళమంతా దిగి కొమ్మలు లాగితే, బస్సు పట్టేంత సందు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను గడియారమే చూశాను. గురువారం నుంచి మంగళవారానికి అయిదు రోజులు. భీమడోలులో కొట్టు ఆవిడ దిగి, "మీ బాబాయిగారికి ఏమీ కాదండి," అని చెప్పి వానలో వెళ్ళిపోయింది.

ఎనిమిదీ యాభైకి గుండుగొలనులో దిగాను. కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. ఒక్క హోటల్ తెరిచి ఉంది, ఇడ్లీ తప్ప ఏమీ లేదు. పిన్ని ఏమైనా తిన్నదో లేదోనని నాలుగు ఇడ్లీ పొట్లం కట్టించాను. ఎదురుగా ఇసుక బస్తాలు నింపిన ట్రాక్టరు నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళ మనిషి దాని వెనక తగిలించిన ట్రక్కులోకి డీజిల్ డబ్బా ఎక్కిస్తున్నాడు. పేరు ఏడుకొండలు.

"నేను మా చెరువు దాకానేనండి. గట్టు జారుతోంది. ఈ బస్తాలు వెయ్యకపోతే చేపంతా పోద్ది," అన్నాడు.

నేను స్కూలు మాస్టర్నని, బాబాయి సంగతి ఇదని చెప్పాను.

"ఎవరూ, పంతులుగారా? మా అమ్మాయికి అక్షరాభ్యాసం చేయించింది ఆయనేనండి." డబ్బా మూత బిగించాడు. "ఎక్కండి మాస్టారూ."

గుండుగొలను దాటిన కొద్దిసేపటికే రోడ్డేదో, చెరువేదో, కొల్లేరేదో తెలియకుండా పోయింది. గాలికి నీటి మీది గుర్రపుడెక్క గుట్టలుగా కొట్టుకొచ్చి తూములకు అడ్డం పడింది. నీళ్ళు పోయే దారి లేక రోడ్డు మీదికి పొర్లుతున్నాయి. పదింటికి వాళ్ళ చెరువు చేరాం. గట్టు పక్కన ఏడుకొండలు భార్య మంగ, ముగ్గురు కూలీలు నడుం లోతు బురదలో నిలబడి ఉన్నారు. బస్తాలు దింపాం. ఏడుకొండలు గట్టు వైపు చూసి, నా వైపు చూసి నిలబడిపోయాడు.

సంగతి విన్న మంగే తేల్చేసింది. "నువ్వు వెళ్ళిరా. ఇక్కడ మేం చూసుకుంటాం. ఆయనకి ఊపిరాడకపోతే మనం బస్తాలు లెక్కపెట్టుకుంటా కూర్చుంటామా?"

బాబాయి ఇంటి చివరి మెట్టు దాకా నీళ్ళొచ్చాయి. ఆయన కుర్చీలో కూర్చుని, ముందు బల్ల మీద రెండు దిళ్ళు పెట్టుకుని వాటి మీదికి వాలి ఉన్నాడు. పాదాలు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. నన్ను చూసి నవ్వబోయాడు.

"చూశావురా... ఊరంతా నీళ్ళే. నాకు మాత్రం... రోజుకి రెండు గ్లాసులేనట." ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"లే బాబాయ్, వెళ్దాం."

"గుళ్ళో దీపం..."

"పొద్దున్నే మోకాళ్ళ నీళ్ళలో వెళ్ళి నేను పెట్టొచ్చాను. ఇక లేవండి," అంది పిన్ని. ఆమె గొంతు అంత గట్టిగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

ప్లాస్టిక్ కుర్చీని ట్రక్కులో తాడుతో కట్టి, బాబాయిని అందులో కూర్చోబెట్టాం. పిన్ని వెనకనుంచి ఆయన భుజాలు పట్టుకుంది. పైన బరకం కప్పాం. పదకొండుంపావుకి బయల్దేరాం.

వచ్చేటప్పుడు మోకాలి కింద ఉన్న నీళ్ళు ఇప్పుడు తొడల దాకా వచ్చాయి. రోడ్డుకి రెండు వైపులా లోతైన చెరువులు. అంచు కనబడడం లేదు. ఏడుకొండలు ట్రాక్టరు ఆపేశాడు.

"ముందెవరైనా నడవాలండి. చక్రం అంచు దాటిందంటే బండి తిరగబడిపోద్ది."

నేను దిగాను. ఒక వెదురు కర్ర ఇచ్చాడు. కుడివైపు అంచు వెతుక్కుంటూ పొడుచుకుంటూ నేను నడుస్తుంటే, నా వెనకే ట్రాక్టరు ముందు చక్రం. గట్టిగా తగిలితే రోడ్డు, మెత్తగా దిగితే చెరువు. ఎంత దూరం నడిచానో నాకే తెలియదు. వాన మొహాన కొడుతుంటే కళ్ళు తెరవలేకపోయాను. ఒకచోట కర్ర గట్టిగానే తగిలింది కానీ నా కాలు జారింది. ఛాతీ దాకా మునిగిపోయాను. పిన్ని కేక వేసింది.

"ఎడంకి మాస్టారూ! ఎడంకి!" అని అరిచాడు ఏడుకొండలు.

కర్ర పట్టుకుని ఎలాగో పైకి పాకాను. ఒక చెప్పు పోయింది. ఆగితే మళ్ళీ అడుగు వెయ్యలేననిపించి వెంటనే నడిచాను.

రోడ్డు అంచు మళ్ళీ కనబడ్డాక నేనూ ట్రక్కు ఎక్కాను. మంగ వాళ్ళ చెరువు దగ్గరికి వచ్చేసరికి గట్టు మీంచి ఒక కూలీ రెండు చేతులూ ఊపుతున్నాడు. "ఎడమ పక్క జారిపోతోందన్నా! రా!"

ట్రాక్టరు ఆగింది. ఇంజను శబ్దంలో కూడా బరకం కింద బాబాయి ఊపిరి గురగుర వినిపిస్తోంది. ఏడుకొండలు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళమనడానికి నాకేం హక్కుంది? ఆగమనే ధైర్యం కూడా లేదు.

మంగ గట్టు మీదికొచ్చి గొంతు చించుకుని అరిచింది. "ఆగావేంటి? పో!"

ఏడుకొండలు గేరు వేశాడు. ఆయన వెనక్కి చూడలేదు. నేను చూశాను. వాళ్ళు నలుగురూ ఒక బస్తాని ఈడుస్తున్నారు.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు గుండుగొలను చేరాం. ఏడుకొండలే ఒక పాల వ్యానుని ఆపి, బాబాయిని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టి, ట్రాక్టరు తిప్పుకున్నాడు. నేను దణ్ణం పెట్టేలోపే వెళ్ళిపోయాడు. దెందులూరు దగ్గర ఒకవైపు రోడ్డు మునిగి, బళ్ళన్నీ రెండో వైపునుంచే నత్తల్లా పాకుతున్నాయి. బాబాయి పెదాలు నీలంగా మారాయి. "ఇంకా ఎంతసేపురా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

రెండూ పదికి ఏలూరు డయాలసిస్ సెంటర్లో ఉన్నాం. టెక్నీషియన్ అమ్మాయి ఆక్సిజన్ మాస్క్ పెడుతూనే చెప్పింది. "బెడ్లు ఖాళీగానే ఉన్నాయండి, రోడ్లు లేక ఎవరూ రాలేకపోయారు. కానీ జనరేటర్‌కి డీజిల్ మూడు గంటల సేపటికే ఉంది. దాంతో సరిపెట్టాలి."

ఆ మూడు గంటలే సరిపోయాయి. అయిదవుతుండగా గురగుర తగ్గింది. పిన్ని మంచం తల కొంచెం కొంచెం దించింది. ఆదివారం నుంచి వెన్ను వాల్చని మనిషి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. పిన్ని అప్పుడు ఇడ్లీ పొట్లం విప్పింది. అంతా నీళ్ళలో నానిపోయి ఉంది. అయినా తింది.

ఆసుపత్రి వీధిలోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. బుధవారం ఎండ వచ్చింది. గురువారం డయాలసిస్ పూర్తి నాలుగు గంటలు జరిగింది. ఊళ్ళో నీళ్ళు తగ్గేదాకా వాళ్ళని ఏలూరులోనే ఉండమని, శుక్రవారం తొమ్మిదింటి బస్సుకి బయల్దేరాను. గుండుగొలనులో దిగాను. దిగకుండా ఇంటికి వెళ్ళలేననిపించింది.

ఏడుకొండలు హోటల్ బయట టీ తాగుతున్నాడు.

"చెరువు?" అన్నాను.

"పోయిందండి. నేను తిరిగెళ్ళేసరికే ఎడమ గట్టు తెగింది. సగం పైన చేప కొల్లేట్లో కలిసిపోయింది."

"మీరు అక్కడే ఉండి ఉంటే..."

గ్లాసు కింద పెట్టాడు. "ఆగేదేమోనండి. ఆగకపోనూ వచ్చు. నేను చెప్పలేను." తర్వాత అడిగాడు, "పంతులుగారు పడుకోగలుగుతున్నారా?"

"పడుకుంటున్నారు."

"అయితే సరేనండి. ఆదివారం గట్టు వేస్తున్నాం. మనుషులే దొరకట్లేదు."

"నేనొస్తాను. మట్టి మొయ్యడం నాకు చేతకాదు కానీ వస్తాను."

"లెక్కలకన్నా కష్టమా మాస్టారూ? నేర్చుకోవచ్చండి," అని మొదటిసారి నవ్వాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. హైవే మీద తడిసిన ధాన్యం ఆరబోశారు, మొలకల వాసన వస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నాను. లంకలంటే నాకు బాబాయి ఇల్లు, పిన్ని చేతి వంట, అంతే. వాళ్ళ చుట్టూ ఎవరున్నారో ఎప్పుడూ అడగలేదు. ఏడుకొండలు నన్ను ఊరడించడానికి చెరువు ఎలాగూ పోయేదేనని ఒక్క మాట అనెయ్యొచ్చు. అనలేదు. ఆ నిజాయితీ బరువుగానే ఉంది. తాడేపల్లిగూడెంలో దిగగానే ముందు ఆదివారానికని కొత్త చెప్పులు కొన్నాను, బురదలో జారనివి చూసి.