ఒక్క ఫోనుకే ఇచ్చిన తాళంచెవి

సాయంత్రం ఆరూ పదికి మా మరదలి ఫోన్లో మా పడగ్గది మొదటిసారి కనిపించింది. ఆమె మంచం పక్కనే కూర్చుని, ఫోను అక్క మొహానికి దగ్గరగా పెట్టి, "ఇదుగోనే, నువ్వే. జుట్టు చూసుకో, పిచ్చిక గూడులా ఉంది" అంది. నా భార్య నవ్వింది.

నడుము కింద చచ్చుబడి నా భార్య మంచాన ఉన్న రోజులవి. నేను ఆఫీసులో ఉన్నంతసేపూ కనకాలపేటలో తనింటి నుంచి చెల్లెలు ఒక కంట కనిపెడుతుందని గదిలో కెమెరా పెట్టాం. ఆ దృశ్యాలు ఏ కంపెనీ కంప్యూటర్లోకో వెళ్ళడం నా భార్యకు ఇష్టం లేదు.

"చెల్లి చూస్తే చాలు. ఇంకెవరూ నన్నిలా చూడకూడదండీ" అంది. అదొక్కటే అడిగింది.

అందుకే ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, వీపీఎన్ సర్వర్ పెట్టాను. బయటి నుంచి మా ఇంటికి తాళం వేసిన దారి లాంటిదది. ఫోనుకొక తాళంచెవి తయారుచేయాలి. అది లేని ఫోనుకు దారి తెరుచుకోదు. కమాండ్లు తప్పు కొట్టి, రౌటర్లో పోర్టు తెరవడం మరిచి, చాలా సెలవులు పోగొట్టుకున్నాక పని అయింది. మరదలికి మాత్రమే తాళంచెవి ఇచ్చాను. అది ఒక క్యూఆర్ కోడ్. ఎందుకైనా మంచిదని ఆమె దాన్ని ఫోటో కూడా తీసుకుంది.

కొన్ని వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున నా భార్యకు తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తున్నాను. కెమెరాను గోడవైపు తిప్పమని ఆమె అనలేదు. చూసేది చెల్లెలే కదా. కెమెరా స్పీకర్లోంచి మగగొంతు వినిపించింది.

"బాగా చిక్కిపోయేవే అమ్మాయ్."

కాకినాడలో ఉండే వాళ్ళ బాబాయి. నా భార్య రెండు చేతులతో దుప్పటి లాక్కుని మొహం తిప్పేసుకుంది.

సర్వర్లో చూశాను. ఒకే తాళంచెవితో ఒకసారి ఒక ఊరి నుంచి, మరు నిమిషం ఇంకో ఊరి నుంచి వస్తున్నారు. మరదలికి ఫోన్ చేశాను.

"ఫ్యామిలీ గ్రూపులో పెట్టానండి బావగారూ. ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. మనోళ్ళే కదండి, పరాయోళ్ళా?"

"మీ అక్క ఏం అడిగిందో గుర్తుందా?"

"మీకు కంప్యూటర్లు వచ్చని, మా మనిషిని మాకు చూపించరేంటండి?"

తాళంచెవి తీసేశాను. ఫైల్లో దాని తాలూకు నాలుగు లైన్లు చెరిపి సర్వర్‌ను మళ్ళీ మొదలుపెడితే చాలు. ఆ తర్వాత మరదలు రాలేదు. స్కూటర్ మీద పది నిమిషాల దారి. "పోనీ, దానికొక్కదానికే మళ్ళీ ఇవ్వండి" అంది నా భార్య. కొత్తది చేసి, వచ్చి తీసుకోమని కబురు పెట్టాను. రాలేదు.

నా భార్య పోయిన రోజు అందరూ వచ్చారు. వాకిట్లో బాబాయి ఎవరితోనో అంటున్నాడు: "కడసారి చూపు ఫోన్లోనైనా దక్కనివ్వలేదు, మహానుభావుడు." మా వీధి తలుపు పగలంతా తీసే ఉండేదని నేను అనలేదు.

పెద్దకర్మ అయ్యాక వాళ్ళు ఇటు రాలేదు, నేను అటు వెళ్ళలేదు. ఇప్పుడు మా రెండు ఇళ్ళ మధ్యా రాకపోకలు లేవు.